కళ్లెం కనిపెట్టినవారికి జేజేలు

ఈ ఏడు ఉగాది మార్చి 19న వచ్చింది. అది వెళ్లిన మూడో రోజు, మార్చి 22, వైద్యశాస్త్రానికి ఇంకో పండుగ. 1996లో సరిగ్గా ఆ తేదీన ‘సైన్స్’ పత్రికలో మూడు పేజీల వ్యాసం ఒకటి అచ్చయింది. రాసినవారు ముగ్గురు: డానా లీచ్, మ్యాక్స్ క్రమెల్, జేమ్స్ అలిసన్. అప్పట్లో వాళ్ల ప్రయోగశాల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో ఉండేది. క్యాన్సర్ గడ్డలున్న ఎలుకలకు ఒక యాంటీబాడీ ఎక్కిస్తే గడ్డలు కరిగిపోయాయన్నది అందులోని సంగతి. ఆ యాంటీబాడీ గడ్డ జోలికే వెళ్లలేదు. ఎలుక ఒంట్లోని టీ కణాలు అనే రోగనిరోధక కణాలకు ఉన్న కళ్లేన్ని పట్టి వదులు చేసింది, అంతే. మిగిలిన పని ఆ కణాలే చూసుకున్నాయి. నయమైన ఎలుకలకు మళ్లీ అదే క్యాన్సర్ కణాలు ఎక్కించినా గడ్డ లేవలేదు. ముప్పై ఏళ్లు నిండిన ఆ మూడు పేజీలకు, వాటి వెనకున్న మనుషులకు ఈ అభినందన.

క్యాన్సర్ మందుగా దీని ఘనతను చెప్పేవారు చాలామందే ఉన్నారు. చెప్పవలసిందే. అయినా ఈ పండుగ పూట నా మొదటి నమస్కారం ఆ మందుకు పునాది వేసిన ఎరుకకు. రోగనిరోధక కణం నిమ్మళంగా ఉందంటే దానికి పని తగల్లేదని అర్థం చేసుకుంటే పొరపాటు. చాలాసార్లు దాన్ని ఏదో ఒకటి పట్టి ఆపుతూ ఉంటుంది. ఆపడానికని ప్రత్యేకంగా గ్రాహకాలున్నాయి, వాటికి అందివచ్చే ఎంజైములున్నాయి, ఎంతసేపు ఆపాలో ఎప్పుడు వదలాలో ఒక లెక్క ఉంది. ఒంట్లో శాంతి ఊరికే ఉండదు. క్షణక్షణం ఎవరో కష్టపడితే ఉంటుంది. ఈ మాట ఈరోజు పాఠ్యపుస్తకాల్లో ఉంది. 1990ల మొదట్లో దీన్ని నమ్మినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అప్పటికి తెలిసింది ఇదీ. టీ కణం రేగాలంటే దానికి రెండు కబుర్లు అందాలి. తనకు సరిపోయే పరాయి ప్రొటీన్ ముక్క దొరికిందని దాని సొంత గ్రాహకం చెప్పడం మొదటిది. ఆ గ్రాహకాన్ని ప్రొటీన్‌గా మొదట చేజిక్కించుకున్నవారిలో అలిసన్ ఒకరు. 1982లో, టెక్సస్‌లోని స్మిత్‌విల్ అనే చిన్న ఊరి పరిశోధన కేంద్రంలో పనిచేస్తుండగా. రెండో కబురు సీడీ28 అనే మరో గ్రాహకం తెస్తుంది. ముక్కను చూపిస్తున్న కణం మీద బీ7 అనే ప్రొటీన్ ఉంటేనే సీడీ28 కదులుతుంది. బీ7 పుష్కలంగా ఉండడమంటే అక్కడ ఏదో ఇన్ఫెక్షనో గాయమో ఉందని ఆనవాలు. రెండూ కలిస్తే టీ కణం పెరిగి, విడిపోయి, వేల పిల్లకణాలుగా దండెత్తుతుంది.

ఈ కథలోకి సీటీఎల్‌ఏ-4 ఎవరూ పిలవకుండానే వచ్చింది. 1987లో ఫ్రాన్సులోని మార్సే నగరంలో పియర్ గోల్‌స్టీన్ బృందం రేగిన టీ కణాల్లో మాత్రమే కనిపించే జన్యువుల కోసం వెతుకుతూ దీన్ని బయటికి తీసింది. పని ఏమిటో తెలియదు. చూపుకు సీడీ28కి తోబుట్టువులా ఉంది. 1991లో సియాటెల్‌లో పీటర్ లిన్స్‌లీ బృందం ఇంకో చిత్రం చూపించింది: ఇది కూడా బీ7నే పట్టుకుంటుంది, అదీ సీడీ28 కంటే ఎన్నో రెట్లు గట్టిగా. తోబుట్టువు కదా, పట్టు కూడా గట్టిది కదా, కనుక ఇది సీడీ28కి సాయంగా టీ కణాన్ని ఇంకా ముందుకు తోసేదై ఉంటుందని చాలామంది తీర్మానించారు. అలా అనుకోవడంలో అప్పటికి తప్పేమీ లేదు. కొన్ని ప్రయోగాలు అలాగే చెప్పాయి కూడా.

ఒప్పుకోనివారు రెండు చోట్ల ఉన్నారు. షికాగోలో జెఫ్రీ బ్లూస్టోన్ బృందం 1994లో సీటీఎల్‌ఏ-4 టీ కణాన్ని ఆపుతుందని చూపించింది. బర్క్‌లీలో అప్పటికింకా పరిశోధక విద్యార్థిగా ఉన్న మ్యాక్స్ క్రమెల్ తన చేత్తో తయారుచేసుకున్న యాంటీబాడీలతో అదే సంగతి వేరే దారిలో తేల్చాడు. సీడీ28ని కదిలిస్తే కణాలు పెరుగుతున్నాయి. దానితోపాటు సీటీఎల్‌ఏ-4ని కూడా కదిలిస్తే ఆ పెరుగుదల ఆగిపోతోంది. ఒకే బీ7, ఒకే కణం, రెండు గ్రాహకాలు, రెండు ఎదురెదురు ఫలితాలు. క్రమెల్, అలిసన్ల ఆ వ్యాసం 1995లో వచ్చింది. వయసులో చిన్నవాడైన ఒక విద్యార్థి, పెద్దపెద్ద ప్రయోగశాలలు వేరే మాట చెబుతుండగా, తన బల్ల మీది ఫలితాన్ని నమ్మి నిలబడ్డాడన్నది నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం.

వాదానికి ముగింపు ఎలుకలే పలికాయి. 1995 నవంబరులో బోస్టన్‌లో ఆర్లీన్ షార్ప్ బృందం, టొరాంటోలో టాక్ మాక్ బృందం విడివిడిగా సీటీఎల్‌ఏ-4 జన్యువు లేని ఎలుకల వివరాలు ప్రకటించాయి. ఆ పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉన్నాయి. మూడు నాలుగు వారాలకే చనిపోయాయి. శోషరస గ్రంథులు ఉబ్బిపోయి, గుండె కండరంలోకి, క్లోమంలోకి టీ కణాలు గుంపులుగా చొచ్చుకుపోయి ఉన్నాయి. బయటి శత్రువెవరూ వాటిని చంపలేదు. ఒక్క కళ్లెం తెగినందుకు సొంత సైన్యమే ఇంటిని కూల్చింది. ఈ ఒక్క ఫలితం చూశాక నిరోధక గ్రాహకాలను చిల్లర అణువులుగా చూడడం ఎవరికీ సాధ్యం కాలేదు.

అయితే లీచ్ ప్రయోగం అంతకు ఏడాది ముందరిది. అందుకే దానికి అంత విలువ. ఎలుకల సాక్ష్యం రాకముందే, ఆపేదాన్ని ఆపితే ఏమవుతుంది, గడ్డను ఎదుర్కోవడానికి టీ కణాలకు స్వేచ్ఛ దొరుకుతుందా అని అలిసన్ అడిగారు. 1994 చివర్లో ప్రయోగం మొదలైంది. మొదటి ఫలితం ఎంత బాగుందంటే నమ్మబుద్ధి కాలేదు. వెంటనే క్రిస్మస్ సెలవుల్లోనే మళ్లీ చేయాలని నిర్ణయించారు. లీచ్‌కు ప్రయాణం ఉండడంతో గడ్డలు కొలిచే పని అలిసనే తీసుకున్నారు. ఏ గుంపుకు అసలు యాంటీబాడీ ఎక్కిందో, దేనికి ఉత్తిది ఎక్కిందో తనకు తెలియకుండా ఏర్పాటు చేసుకున్నారు. తొలిరోజుల్లో అన్ని ఎలుకల్లోనూ గడ్డలు పెరుగుతూనే పోయాయి. ఆ తర్వాత కొన్నింటిలో పెరుగుదల మందగించింది, ఆగింది, గడ్డ తగ్గడం మొదలైంది. మిగిలినవాటిలో ఆగలేదు. గుట్టు విప్పి చూస్తే రెండు గుంపులూ సరిగ్గా విడిపోయాయి.

‘మొదట పెరిగి తర్వాత తగ్గడం’ అన్న ఈ చిన్న వివరం గుర్తుపెట్టుకోవాలి. ఏళ్ల తర్వాత మనుషుల మీద పరీక్షల్లో ఇదే పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

ఇక ఈ కళ్లెం ఎలా పనిచేస్తుందన్నది. ముప్పై ఏళ్లలో ఇక్కడ బయటపడినంత అందం మరెక్కడా లేదని నా అభిప్రాయం, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సీటీఎల్‌ఏ-4 మామూలుగా కణం పైపొర మీద ఉండదు. చాలావరకు కణం లోపలే, చిన్న చిన్న సంచుల్లో దాగి ఉంటుంది. టీ కణం రేగాక, దాని గ్రాహకం పనిచేస్తున్న చోటుకే వచ్చి పైకి తేలుతుంది. రేగడం ఎంత బలంగా ఉంటే అంత ఎక్కువగా తేలుతుంది. కళ్లేన్ని బిగించే చేయి ఆ ఉద్రేకం నుంచే పుడుతోందన్నమాట. పైకి వచ్చి సీడీ28కి దక్కవలసిన బీ7ని తన గట్టి పట్టుతో లాగేసుకుంటుంది. అక్కడితోనూ ఆగదు. 2011లో బర్మింగ్‌హామ్‌లో డేవిడ్ శాన్సమ్ బృందం చూపించినదేమంటే, సీటీఎల్‌ఏ-4 ఎదుటి కణం మీది బీ7ని పెరికి, తన కణంలోకి లాక్కుపోయి, అక్కడ నాశనం చేయిస్తుంది. ఆ ఎదుటి కణం ఇంకో టీ కణాన్ని రేపుదామన్నా దాని దగ్గర సరుకు ఉండదు. ఈ పనిలో ఆరితేరినవి నియంత్రక టీ కణాలు. వాటిమీద సీటీఎల్‌ఏ-4 ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆ కణాలను కనిపెట్టిన షిమోన్ సకగుచికి, వాటి ఏలిక జన్యువు ఫాక్స్‌పీ3ని పట్టుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025 నోబెల్ దక్కింది. మార్చి 22 పండుగలో వాళ్లకూ వాటా ఉంది.

పీడీ-1 అనే రెండో కళ్లెం దారి వేరు. దీని కథ జపాన్‌లో క్యోటోది. 1992లో తసుకు హొంజో ప్రయోగశాలలో యసుమాసా ఇషిదా చచ్చిపోతున్న కణాల్లో వెలిగే జన్యువును వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు. దీని పని కణాన్ని చంపడం కాదని, ఆపడమని ఏళ్ల తర్వాత తేలింది. 1999లో పీడీ-1 లేని ఎలుకలు వయసు మళ్లేకొద్దీ లూపస్‌ను పోలిన జబ్బుతో బాధపడ్డాయి. సీటీఎల్‌ఏ-4 లేనివి వారాల్లో పోతే, ఇవి నెలల తరబడి నెమ్మదిగా జబ్బుపడ్డాయి. ఈ తేడాలో రెండు కళ్లేల స్వభావం తెలుస్తుంది. ఒకటి టీ కణం తొలిసారి రేగే శోషరస గ్రంథుల దగ్గర కాపు కాస్తుంది. రెండోది ఆ కణం బయలుదేరి కండరంలోకో చర్మంలోకో ఊపిరితిత్తిలోకో చేరాక, అక్కడ ఎక్కువ విధ్వంసం జరగకుండా చూస్తుంది. క్యాన్సర్ గడ్డ ఈ రెండోదాన్ని వాడుకుంటుంది. పీడీ-1ని కదిలించే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను తన ఒంటినిండా కప్పుకుని టీ కణానికి ఎదురువస్తుంది.

పీడీ-1 లోపలి తోక మీద టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు రెండు, కొద్ది దూరంలో ఉన్నాయి. పీడీ-ఎల్1 తగలగానే వాటి మీద ఫాస్ఫేట్లు అంటుకుంటాయి. అంటించేది ఎవరు? ఎల్‌సీకే అనే ఎంజైము. టీ కణం గ్రాహకానికి ఫాస్ఫేట్లు అంటించి కణాన్ని రేపేది కూడా సరిగ్గా ఇదే ఎంజైము. ఫాస్ఫేట్లు పడ్డ ఆ తోక ఎస్‌హెచ్‌పీ2 అనే మరో ఎంజైమును రమ్మంటుంది. దాని వృత్తి ఫాస్ఫేట్లు ఊడగొట్టడం. అది ఎవరి ఫాస్ఫేట్లు ఊడగొడుతుంది? అందరూ టీ కణం గ్రాహకానివే అనుకున్నారు. 2017లో సాన్‌ఫ్రాన్సిస్కోలో రాన్ వేల్ ప్రయోగశాలలో ఎన్‌ఫూ హుయి తదితరులు ఆ ప్రొటీన్లను కృత్రిమ పొరల మీద ఒక్కొక్కటిగా పేర్చి చూశారు. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువగా దెబ్బ తిన్నది సీడీ28. అంటే రెండు కళ్లేలూ వేర్వేరు దారుల్లో వచ్చి రెండో కబురునే నొక్కుతున్నాయి. సీటీఎల్‌ఏ-4 బయటినుంచి బీ7ని ఎత్తుకుపోతుంది; పీడీ-1 లోపలినుంచి సీడీ28 నోరు మూయిస్తుంది. ఈ ఫలితం చదివినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకా తగ్గలేదు.

ఇదంతా టీ కణాలకే పరిమితమని అనుకోవద్దు. యాంటీబాడీలు చేసే బీ కణాల మీద ఎఫ్‌సీ గామా ఆర్‌2బీ అనే గ్రాహకం ఉంది. సూక్ష్మజీవికి ఇప్పటికే చాలినన్ని యాంటీబాడీలు అంటుకుని ఉంటే, ఆ యాంటీబాడీల తోకలు ఈ గ్రాహకానికి తగులుతాయి. ‘సరుకు తయారైంది, ఇక చాలు’ అని దానికి అర్థం. దాని లోపలి తోకలోనూ టైరోసిన్ గుర్తు ఉంది. దానికి షిప్ అనే ఎంజైము వచ్చి, పొరలోని ఒక కొవ్వు అణువు మీది ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది. ఆ ఫాస్ఫేట్‌ను పట్టుకుని నిలబడిన మిగతా ఎంజైములు పట్టు తప్పుతాయి, కణంలోకి కాల్షియం రావడం ఆగుతుంది, బీ కణం సద్దుమణుగుతుంది. ఈ గ్రాహకానికి ఫాస్ఫేట్ అంటించే లిన్ అనే ఎంజైము కూడా బీ కణాన్ని రేపే పనిలో ఉన్నదే. లిన్ లేకుండా పుట్టిన ఎలుకల్లో బీ కణాలు మందకొడిగా ఉంటాయనుకుంటే, అవి సొంత ఒంటి మీదే యాంటీబాడీలు చేసుకుని జబ్బుపడ్డాయి. రేపే చేయి పోయినా ఇంకో చేయి దొరికింది, ఆపే చేయి పోతే ఆ లోటు తీర్చేది లేకపోయింది.

సహజ హంతక కణాలది ఇంకా సాహసమైన ఏర్పాటు. 1980లలో స్టాక్‌హోమ్‌లో క్లాస్ కర్రె, ఆ కణాలు పరాయి గుర్తును చూసి దాడి చేయవని, మనదనే గుర్తు కనిపించకపోతే చేస్తాయని ప్రతిపాదించారు. అవి నిత్యం దాడికి సిద్ధంగానే తిరుగుతుంటాయి. ఎదురైన ప్రతి ఆరోగ్యకణం తన గుర్తును చూపించి ఒక నిరోధక గ్రాహకాన్ని తడితేనే ముందుకు సాగిపోతాయి. మన ఎర్ర రక్తకణాలు కూడా అంతే. వాటి మీది సీడీ47 ప్రొటీన్, కణాలను మింగే మాక్రోఫేజ్ మీది గ్రాహకాన్ని తాకి ‘నన్ను తినకు’ అంటుంది. 2000లో సీడీ47 లేని ఎర్ర కణాలను మామూలు ఎలుకలకు ఎక్కిస్తే అవి ఇట్టే మాయమైపోయాయి. మన నెత్తురులో ఎర్ర కణం నాలుగు నెలలు బతుకుతోందంటే దాని వెనక ఇలాంటి అనుమతులెన్నో ఉన్నాయి.

బర్క్‌లీ ప్రయోగం మందుగా మారడానికి పదిహేనేళ్లు పట్టింది. చాలా కంపెనీలు ముఖం చాటేశాయి. క్యాన్సర్ మీద రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పే ప్రయత్నాలు అంతకుముందు ఎన్నో చతికిలబడడం ఒక కారణం. గడ్డను తాకని మందు గడ్డను ఎలా తగ్గిస్తుందన్న సందేహం ఇంకొకటి. చివరికి మెడరెక్స్ అనే చిన్న కంపెనీలో, మానవ యాంటీబాడీ జన్యువులున్న ఎలుకలను తయారుచేసిన నిల్స్ లోన్‌బెర్గ్ చేయి కలిపారు. అలా పుట్టింది ఇపిలిముమాబ్. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఒళ్లంతా పాకినవారి మీద పరీక్షలు మొదలయ్యాయి. అక్కడ ఎదురైంది పాత చిక్కు. కీమోథెరపీ మందులకు పెట్టిన కొలత ఏమంటే, కొన్ని వారాల్లో గడ్డ తగ్గకపోతే మందు ఓడినట్టే. ఇక్కడేమో టీ కణాలు లోపలికి చొరబడడంతో కొందరిలో గడ్డ ముందు ఉబ్బి, నెలల తర్వాత కరుగుతోంది. ఇదే కోవకు చెందిన మరో కంపెనీ యాంటీబాడీ పరీక్షను 2008లో ఫలితం లేదని మధ్యలోనే ఆపేశారు. గడ్డ కొలతలు పక్కనపెట్టి మనిషి ఎంతకాలం బతికాడో లెక్కపెడదామని పట్టుబట్టి, ఓపికపట్టిన డాక్టర్లకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. వాళ్ల ఓపికే లేకపోతే ఈ పండుగే లేదు.

2010లో ఫలితం వచ్చింది. బతికిన కాలపు మధ్యస్థం ఆరు నెలల చిల్లర నుంచి పది నెలలకు పెరిగింది. వినడానికి కొద్దిగానే అనిపిస్తుంది. అసలు విశేషం ఆ అంకెలో లేదు. తర్వాత 1,861 మంది రోగుల వివరాలు ఒకచోట చేర్చి చూస్తే, మూడేళ్లు గడిచేసరికి దాదాపు 22 శాతం మంది బతికి ఉన్నారు. అక్కడినుంచి పదేళ్ల దాకా ఆ గీత దాదాపు సమంగా సాగింది. మూడేళ్లు దాటినవారిలో చాలామంది ఇక దాటేసినట్టే. 2011 మార్చి 25న అమెరికా అనుమతి దొరికింది. 2014లో జపాన్‌లో నివొలుమాబ్, అమెరికాలో పెంబ్రొలిజుమాబ్ అనే పీడీ-1 మందులు వచ్చాయి. 2015లో మెలనోమా మెదడుకు పాకిన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పెంబ్రొలిజుమాబ్ తీసుకుని కోలుకుని, 100 ఏళ్లు నిండాక, 2024 డిసెంబరులో వెళ్లిపోయారు. 2018 నోబెల్‌ను అలిసన్, హొంజో పంచుకున్నారు. రెండు కళ్లేలనూ కలిపి వదులు చేస్తే, పాకిపోయిన మెలనోమాలోనూ 43 శాతం మంది పదేళ్ల తర్వాత బతికి ఉన్నారని 2024లో ప్రకటించారు. ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి రోగులకు నెలల్లో లెక్క చెప్పేవారు.

కళ్లెం వదిలితే వచ్చే కష్టమూ చెప్పాలి. పేగులు, థైరాయిడ్, పిట్యూటరీ గ్రంథి, కాలేయం, ఊపిరితిత్తులు, దేనిమీదైనా టీ కణాలు తిరగబడవచ్చు. అరుదుగా గుండె కండరం మీద తిరగబడితే ప్రాణం మీదికి వస్తుంది. 1995లో ఆ ఎలుక పిల్లల్లో చూసిందే ఇక్కడ కాస్త చిన్నగా కనిపిస్తుంది. ప్రకృతి ఆ గ్రాహకాన్ని పెట్టుకున్నది ఇందుకే కదా. అందుకే నేను కళ్లేన్ని తిట్టే రాతలతో ఏకీభవించను. అది క్యాన్సర్‌కు తోడుదొంగ కాదు. మన పిల్లల గుండెలను, పేగులను పుట్టిన నాటినుంచి కాపాడుతున్నది అదే. సీటీఎల్‌ఏ-4 జన్యువుల జతలో ఒకటి చెడి పుట్టినవారు ఉన్నారు. వాళ్లలో చాలామందికి బతుకంతా సొంత టీ కణాలతో పోరాటమే. 2014లో ఆ జబ్బును గుర్తించారు. వాళ్లకు ఇచ్చే మందుల్లో ఒకటి అబాటసెప్ట్: సీటీఎల్‌ఏ-4 బయటి భాగాన్ని యాంటీబాడీ తోకకు అతికించి చేసినది, అంటే సీసాలో పోసిన కళ్లెం. ఇపిలిముమాబ్ కంటే ముందే, 2005లో, కీళ్లవాతానికి దీనికి అనుమతి వచ్చింది. పీడీ-1 మందుల వల్ల గుండె కండరం వాచినవారిలోనూ దీన్ని వాడి బతికించిన సందర్భాలున్నాయి.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ముందుకు సాగలేను. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ తొలుత క్యాన్సర్ మందు. ఆ తర్వాత చిన్న మోతాదులో కీళ్లవాతానికి మొదటి మందు. అబాటసెప్ట్‌ను కీళ్లవాతంలో పరీక్షించింది ఎక్కువగా మెథోట్రెక్సేట్‌తో కలిపే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో సుబ్బారావు గారు కన్నుమూశారు. అదే ఆగస్టు 7న టెక్సస్‌లోని ఆలిస్ అనే ఊళ్లో జేమ్స్ అలిసన్ పుట్టారు. పదేళ్లు దాటిన వయసులోనే తల్లిని లింఫోమాకు పోగొట్టుకున్నారు. 

సుబ్బారావు గారి మందూ, అలిసన్ తెరిచిన దారిలో వచ్చిన మందూ ఒకే రోగి మంచం దగ్గర కలుసుకున్నది ముంబైలో, టాటా మెమోరియల్ ఆసుపత్రిలో. తల, మెడ క్యాన్సర్లు మన దేశానికి పెద్ద శాపం. పొగాకు నమలడం, గుట్కా, చుట్ట అన్నీ కారణాలే. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ సంగతి మన డాక్టర్లకు దశాబ్దాలుగా తెలుసు. పీడీ-1 మందు ఈ క్యాన్సర్లకు పనిచేస్తుంది, కానీ ఖర్చు దృష్ట్యా పేద దేశాల్లో నూటికి ముగ్గురికి మించి అందేది కాదు. విజయ్ పాటిల్, వనితా నొరోన్హా, కుమార్ ప్రభాష్ బృందం ఒక తెగువ చేసింది. రెండు వారాలకు 240 మిల్లీగ్రాముల నివొలుమాబ్ ఇవ్వడం మామూలైతే, వాళ్లు మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. లెక్కేస్తే పద్దెనిమిదో వంతు. టీ కణాల మీది పీడీ-1 గ్రాహకాలను చాలావరకు కప్పడానికి చిన్న మోతాదు చాలునని, ఆ కప్పు వారాల తరబడి నిలుస్తుందని తొలి పరీక్షల్లోనే తెలుసు. దానికి తోడు నోటితో మింగే మూడు చవక మందులు ఇచ్చారు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. 151 మంది రోగుల మీద చేసిన ఆ పరీక్షలో, మూడు మాత్రలే తీసుకున్నవారిలో ఏడాది తర్వాత 16.3 శాతం బతికి ఉంటే, చిన్న మోతాదు నివొలుమాబ్ కూడా అందినవారిలో 43.4 శాతం బతికి ఉన్నారు. 2022లో వెలువడిన ఈ ఫలితాన్ని నేను నోబెల్ వార్త కంటే ఎక్కువ సంతోషంతో చదివాను. ముప్పై ఏళ్ల పండుగకు మన దేశం పంపిన కానుకగా దీన్నే లెక్కపెడతాను.

మన గడ్డకు సంబంధించిన హెచ్చరిక కూడా ఒకటి ఉంది. క్షయ ఎక్కువగా ఉన్న దేశం మనది. పీడీ-1 లేని ఎలుకలకు క్షయ క్రిములు ఎక్కిస్తే, కళ్లెంలేని టీ కణాలు క్రిములను గెలవకపోగా ఊపిరితిత్తులను చెరిపి ఆ ఎలుకలను త్వరగా చంపాయి. పీడీ-1 మందులు తీసుకుంటున్న కొందరు రోగుల్లో అణగి ఉన్న క్షయ లేచిన సందర్భాలూ నమోదయ్యాయి. మందు మొదలుపెట్టే ముందు రోగి ఛాతీ సంగతి ఒకసారి చూసుకోవడం మన దగ్గర మిగతా చోట్లకంటే అవసరం.

ఇక అభినందనలు. నోబెల్ జాబితాలో పేరు లేకపోయినా ఆ ప్రయోగాన్ని తన చేతులతో మొదలుపెట్టిన డానా లీచ్ గారికి ముందుగా. నిలిపే గుణాన్ని నమ్మి రుజువు చేసి, ఇప్పుడు సాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రొఫెసరుగా కొత్తవారిని తయారుచేస్తున్న మ్యాక్స్ క్రమెల్ గారికి. ఒక జన్యువును పట్టి దాని అర్థం తేలేదాకా సంవత్సరాలు కాచుకున్న క్యోటో, మార్సే మిత్రులకు. పనికివస్తుందో లేదో తెలియని మందుకు, తర్వాతివారికైనా ఉపయోగపడుతుందని చేయి చాచిన తొలి రోగులందరికీ, వాళ్లను కనిపెట్టుకున్న ఇంటివారికీ. హొంజో గారికి జనవరిలో 84 నిండాయి. అలిసన్ గారికి ఈ ఆగస్టుకు 78 నిండుతాయి. ఆయన భార్య పద్మనీ శర్మ గారు గయానాలో పుట్టిన భారత సంతతి డాక్టరు. హ్యూస్టన్‌లో ఇద్దరూ కలిసి, మందుకు లొంగని గడ్డలు ఎందుకు లొంగడం లేదన్న ప్రశ్న మీద ఇంకా పనిచేస్తున్నారు. తీరిక దొరికితే అలిసన్ గారు తోటి శాస్త్రవేత్తలతో కలిసి కట్టుకున్న ‘చెక్‌పాయింట్స్’ సంగీత బృందంలో హార్మోనికా వాయిస్తారు. ఇద్దరు పెద్దలకూ నూరేళ్ల ఆయుష్షు, ఆ హార్మోనికాకు ఇంకెన్నో కచేరీలు కలగాలి!